కోతకు 14 రోజుల ముందు బూడిద తెగులు: ఖర్బూజ తోటలో నా అనుభవం

తిరుపతి దగ్గరి చంద్రగిరి నుంచి పాకాల వైపు వెళ్లే దారిలో మాకు ఎకరంన్నర నేల ఉంది. బోరు నీళ్లు, డ్రిప్, నేల మీద కప్పే మల్చింగ్ షీటు. 2024 వరకు అందులో టమోటా వేసేవాళ్లం. ధర లేక పొలంలోనే వదిలేసిన రోజులు చూశాక, 2024 డిసెంబరు 28న ఖర్బూజ గింజలు నాటాం. లెక్క ఒక్కటే. 75 రోజుల పంట కాబట్టి మార్చి రెండో వారానికి కోతకొస్తుంది. అప్పటికి రంజాన్ నెల నడుస్తుంటుంది, ఎండలు మొదలవుతాయి. చెన్నై కోయంబేడు మార్కెట్ నుంచి వ్యాపారులు పొలం దగ్గరికే బండి తెస్తారు. వాళ్లు దీన్ని ములాంపళం అంటారు.

ఫిబ్రవరి 26న శివరాత్రి. మా పుట్టిల్లు శ్రీకాళహస్తి. ఏటా పోయినట్టే మూడు రోజులు పోయాను. వెళ్లేముందు తోట చుట్టూ తిరిగి చూసుకున్నాను. కాయలు అప్పటికే రెండు గుప్పిళ్లంత అయ్యాయి, పైతోలు మీద వలలాంటి గీతలు పడడం మొదలైంది. ఆకు నల్లగా, దట్టంగా ఉంది. చూసి మురిసిపోయాను. అంత నల్లటి ఆకు మంచిది కాదని ఇప్పుడు తెలుసు గానీ ఆరోజు తెలియదు.

27 రాత్రి ఇంటికి చేరి, 28 తెల్లారి ఆరింటికి తోటలోకి పోయాను. తూర్పు వైపు సాళ్లలో, తీగ మొదట్లో ఉన్న ముసలి ఆకుల మీద ఎవరో ముగ్గుపిండి చిటికెడు చిటికెడు చల్లినట్టు ఉంది. ముందు దుమ్మేమో అనుకున్నాను. పక్కన మట్టి రోడ్డు ఉంది, ట్రాక్టర్లు తిరుగుతాయి. వేలితో తుడిస్తే పోయింది. వేలికి మెత్తటి తెల్లపిండి అంటింది. ఆకు తిప్పి చూస్తే అడుగున కూడా అదే. దుమ్ము ఆకు అడుగున పడదు కదా. అప్పుడు గుండె జారింది. ఒక్కొక్క సాలూ లెక్కపెట్టుకుంటూ పోయాను. తూర్పు అంచున ఆరు సాళ్లకు గట్టిగా పట్టింది. వాటి పక్కన పది పన్నెండు సాళ్లలో అక్కడక్కడా రూపాయి బిళ్లంత మచ్చలు. పడమటి వైపు శుభ్రంగా ఉంది.

బూడిద తెగులు మాకు కొత్త కాదు. ఈ జిల్లాలో మామిడి ఉన్నవాళ్లందరికీ తెలుసు. సంక్రాంతి తర్వాత పూత మీద బూడిద కనిపిస్తే నీళ్లలో కలిసే గంధకం లీటరుకు మూడు గ్రాములు కలిపి కొట్టేస్తాం. అది ఎంత అలవాటంటే, మా మామ తోట గట్టు మీద నిలబడి ఆకు చూసిన మరుక్షణం అన్నాడు: "గంధకం కొట్టమ్మా, రెండు రోజుల్లో ఎగిరిపోతుంది." ఆయన 40 ఏళ్లుగా మామిడి చూస్తున్న మనిషి. ఆయన మాట నాకు వేదమే. అయినా ఖర్బూజకు గంధకం పడదని ఎక్కడో విన్న గుర్తు. తిరుపతిలో వ్యవసాయ కాలేజీలో చదువుతున్న మా మేనల్లుడికి ఫోటోలు పంపి, ఫోన్ చేశాను.

"అత్తా, తోటంతా మాత్రం కొట్టొద్దు" అన్నాడు వాడు. "పుచ్చ, దోస, ఖర్బూజ వీటన్నిటి ఆకు గంధకానికి కాలుతుంది. ఖర్బూజకు మరీ ఎక్కువ. ఎండ 32 డిగ్రీలు దాటితే ఇంకా ప్రమాదం. నమ్మకం లేకపోతే ఓ పది చెట్లకు కొట్టి చూడండి."

మామ మాట తీసేయలేక, మేనల్లుడి మాట వదల్లేక, మార్చి 1 పొద్దున పది చెట్లకు సగం మోతాదులో కొట్టాను. మూతికి గుడ్డ కట్టుకున్నా కళ్లు మండాయి. ఆ మధ్యాహ్నం చంద్రగిరిలో ఎండ బాగానే కాసింది. మూడో తేదీ చూస్తే ఆ పది చెట్ల ఆకుల అంచులు కాగితం కాల్చినట్టు గోధుమరంగుకు తిరిగి, పైకి ముడుచుకున్నాయి. బూడిద పోయిన మాట నిజం. ఆకు కూడా పోయింది. మామను తీసుకెళ్లి చూపించాను. ఆయన కాలిన ఆకును చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "మామిడాకు తోలులాంటిది, ఇది పాలబుగ్గ లాంటిది" అన్నాడు. ఆ తర్వాత గంధకం మాట మళ్లీ ఎత్తలేదు. ఆ పది చెట్లు పోతేపోయాయి, మిగతా ఎకరంన్నర నిలబడింది.

గంధకం కొట్టడానికి ఒకరోజు ముందే, అంటే ఫిబ్రవరి 28 మధ్యాహ్నమే, మందుల షాపుకు పోయాను. షాపతను ఆకు చూడకుండానే ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. ఆకులోకి ఇంకి పనిచేసే మందు. "అక్కా, ఇది కొడితే మూడు రోజుల్లో తోట అద్దంలా ఉంటుంది." ధర కూడా ఎక్కువేమీ కాదు. నేను డబ్బా తిప్పి చదివాను. ఏ పంటకు వాడాలి, కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలి అని డబ్బా మీదో లోపలి కాగితంలోనో రాసి ఉంటుంది. చాలామందిమి అది చదవం. నేను కూడా టమోటా రోజుల్లో చదివేదాన్ని కాదు. ఆరోజు చదివితే, అందులో ఖర్బూజ పేరే లేదు. వేరే పంటలకు రాసిన గడువు చూసినా, నా కోతకు మిగిలిన రోజులకంటే ఎక్కువ. అదే అడిగాను. "అవన్నీ రాస్తారక్కా, ఎవరు చూస్తారు? పైతోలు తీసి కదా తింటారు" అన్నాడు.

ఆకులోకి ఇంకే మందు తోలు దగ్గరే ఆగుతుందని ఎవరు చెప్పగలరు? రంజాన్ నెలలో పొద్దుగూకే దాకా పచ్చినీళ్లు కూడా ముట్టకుండా ఉన్న మనిషి, ఉపవాసం విడిచాక ముందు నోట్లో పెట్టుకునేది ఇలాంటి పండే. చంద్రగిరిలో మా పిల్లలకు చదువు చెప్పిన టీచరమ్మ ఇంట్లో కూడా సాయంత్రం ఇదే కోస్తారు. డబ్బా వెనక్కి ఇచ్చేశాను. కోతకు 30, 35 రోజుల ముందు అయితే ఆలోచించేదాన్ని, ఒప్పుకుంటాను. పిందె దశలో బూడిద కనిపించి, పంటకు అనుమతి ఉన్న మందు దొరికి, గడువు సరిపోతే కొట్టడంలో తప్పు లేదు. నా తోటలో మాత్రం ఆ రోజులు దాటిపోయాయి.

ఆ సాయంత్రం మేనల్లుడు బండి మీద వచ్చాడు. వాడితో కూర్చుని మాట్లాడాక విషయం తిరగబడింది. అంతవరకు నా తలలో ఉన్న ప్రశ్న "తెగుల్ని ఎలా చంపాలి" అన్నదే. వాడు అడిగింది వేరు: "కాయకు తీపి ఎక్కడి నుంచి వస్తుంది అత్తా?"

అరటి, మామిడి పచ్చిగా కోసినా వాటిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. ఇంట్లో మాగబెడితే అది చక్కెరగా మారుతుంది. ఖర్బూజలో అలాంటి నిల్వ లేదు. తీగ మీద ఉన్నప్పుడు ఆకు తయారుచేసి పంపిన చక్కెరే దాని తీపి. అదీ ఎక్కువగా చివరి రెండు వారాల్లోనే కాయలోకి దిగుతుంది. కోశాక మెత్తబడుతుంది, వాసన వస్తుంది, తీపి మాత్రం ఒక్క చుక్క పెరగదు. అందుకే బూడిద తెగులు పట్టిన తోటలో కాయ చూడడానికి బాగానే ఉంటుంది. సైజు వస్తుంది, వల పడుతుంది, రంగు తిరుగుతుంది. కోసి నోట్లో పెట్టుకుంటే చప్పటి దోసకాయ. ఆకు చచ్చిపోతే ఇంకో నష్టం కూడా ఉంది. కాయ మీద నీడ పోయి ఎండదెబ్బ తగిలి, పైభాగం తెల్లగా ఉడికినట్టు అవుతుంది.

కాబట్టి నేను చేయాల్సింది తెగుల్ని తోటలోంచి తుడిచేయడం కాదు. అది జరగదు కూడా. కాయ పక్కనున్న ఆకులు, తీగ కొసలోని లేత ఆకులు ఇంకో 14 రోజులు పచ్చగా పనిచేస్తే చాలు. ఈ మాట అర్థమయ్యాక నాకు టెన్షన్ సగం తగ్గింది, పని ఎక్కడ మొదలుపెట్టాలో కనిపించింది.

ఈ తెగులు నడక గురించి కూడా వాడు చెప్పాడు. మిగతా బూజు తెగుళ్లు చాలావాటికి ఆకు మీద తడి ఉండాలి. వానలు పడితే వస్తాయి, ఎండ కాస్తే ఆగుతాయి. దీనికి తడి అక్కర్లేదు. గాలిలో తేమ చాలు. పగలు పొడిగా వెచ్చగా, రాత్రి చల్లగా మంచుగా ఉంటే దీనికి పండగ. మా దగ్గర ఫిబ్రవరి అచ్చం అలాగే ఉంటుంది. పగలు చెమట పడుతుంది, తెల్లవారుజామున స్వర్ణముఖి నది వైపు నుంచి మంచు దిగి దుప్పటి కప్పుకోవాల్సి వస్తుంది. మనకు కనిపించే ఆ తెల్లపిండి అంతా దాని విత్తనాల్లాంటివే. గాలికి లేచి పక్క ఆకు మీద పడి, వారం తిరక్కుండానే అక్కడ కొత్త మచ్చ తయారవుతుంది. అది ఆకు పైపొర మీద పాకుతూ, సన్నటి వేళ్లలాంటివి లోపలికి దించి రసం పీలుస్తుంది. బతికున్న ఆకు మీదే బతుకుతుంది. మామిడి మీద వచ్చేదీ ఖర్బూజ మీద వచ్చేదీ ఒకటి కాదట. చుట్టూ ఉన్న మామిడి తోటల్ని అనుమానించాల్సిన పని లేదు.

మరి ఎక్కడి నుంచి వచ్చింది? తూర్పు గట్టుకు అవతల పక్కింటి పిన్నమ్మ బీర తోట ఉంది. కాపు అయిపోయి నెలైంది. పందిరి మీద తీగలు అలాగే వదిలేశారు. పోయి చూస్తే ఆకులన్నీ తెల్లగా సున్నం కొట్టినట్టు ఉన్నాయి. బీర, సొర, గుమ్మడి, దోస, ఖర్బూజ అన్నీ ఒకే కుటుంబం, ఒకదాని బూడిద ఇంకోదానికి అంటుతుంది. పిన్నమ్మను తప్పు పట్టలేను. ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. వెళ్లి చెబితే, "అట్లనా మే! ముందే చెప్పుంటే పీకేసేదాన్ని కదా" అని, మరుసటి రోజు ఇద్దరు కూలీలను పెట్టి పందిరి ఖాళీ చేయించింది. పీకేముందు తీగల మీద నీళ్లు బాగా చల్లించాను. పొడిగా పీకితే ఆ పిండంతా లేచి మా తోటలోనే పడుతుంది.

ఇక మా తప్పు. జనవరి చివర్లో తీగ పాలిపోయినట్టు కనిపిస్తే డ్రిప్‌లో యూరియా రెండుసార్లు ఎక్కువగా వదిలాను. చెట్టుకూ చెట్టుకూ మధ్య ఒక్క అడుగే పెట్టాం. నేను చూసి మురిసిపోయిన ఆ నల్లటి, దట్టమైన ఆకు అలా వచ్చింది. ఎక్కువ నత్రజనితో పెరిగిన ఆకు మెత్తగా ఉంటుంది, తెగులుకు తేలిగ్గా లొంగుతుంది. అడుగు ఆకులకు గాలీ వెలుతురూ ఆడవు.

మార్చి 1, 2 తేదీల్లో ఆకులు తీశాం. ఇది చెప్పినంత తేలిక కాదు. ఎన్ని తీయాలన్నది పెద్ద ప్రశ్న. ఆకు తీస్తే తెగులు తగ్గుతుంది, తీపి కూడా తగ్గుతుంది. ఒక నియమం పెట్టుకున్నాం: సగానికంటే ఎక్కువ తెల్లబడ్డ, తీగ మొదట్లో ఉన్న ముసలి ఆకు మాత్రమే తీయాలి. చెట్టుకు నాలుగైదు మించకూడదు. కాయకు నీడనిచ్చే ఆకు మచ్చలున్నా ముట్టకూడదు. ఆకు మీద ఇంకా మంచు తడి ఉన్నప్పుడే, తెల్లారి ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకానే పని. తడిగా ఉంటే పిండి లేవదు. కత్తెరతో కోసి, లాగకుండా, అక్కడికక్కడే ఎరువుల సంచిలో వేసి మూతి ముడవాలి. ముందు పడమటి శుభ్రమైన వైపు మొదలుపెట్టి, చివర్లో తూర్పు సాళ్లకు రావాలి. కూలీకి వచ్చిన ఆడవాళ్లకు ఇది విడ్డూరంగా అనిపించింది. "ఆకు కోయడానికి ఇంత భయమా మే?" అని ఒకామె అడిగింది. ఆమె కొంగు మీద పడిన తెల్లపిండి చూపించి, ఈ కొంగుతో పక్క సాలుకు పోతే ఏమవుతుందో చెప్పాను. ఆ తర్వాత ఆమే మిగతావాళ్లను అదిలించింది. సంచులన్నీ గట్టు అవతల గుంటలో పూడ్చాం.

తర్వాత ఏం కొట్టాలి? మేనల్లుడు రెండు చెప్పాడు. ఒకటి పాలు. నేను నమ్మలేదు. 1999లో బ్రెజిల్‌లో గుమ్మడి జాతి మొక్కల మీద పాలు నీళ్లలో కలిపి కొట్టి చూశారని, పదో వంతు పాలు ఉంటే బూడిద బాగా అదుపులోకి వచ్చిందని వాడి పాఠంలో ఉందట. ఎండ తగిలినప్పుడు పాలలోని ప్రోటీన్లు తెగులును దెబ్బతీస్తాయని అనుకుంటారు. అప్పుడు నాకు మా ఊళ్లో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లు పుల్లటి మజ్జిగ నీళ్లలో కలిపి కొడతారు. ఎందుకు కొడతారో నేనెప్పుడూ అడగలేదు. రెండోది బాసిల్లస్ సబ్టిలిస్ అనే మంచి బ్యాక్టీరియా ద్రావణం. తిరుపతిలో జీవన ఎరువులు అమ్మే చోట దొరికింది. అది ఇంకా తెగులు అంటని ఆకును కాపాడుతుంది, పట్టిన ఆకును బాగుచేయదు. కోత దగ్గరలో ఉన్నా వాడుకోవచ్చు.

ఎకరంన్నరకు 200 లీటర్ల ద్రావణం, అంటే 20 లీటర్ల పాలు. మా ఆవు పూటకు ఐదు లీటర్లు ఇస్తుంది. మిగతావి పాల కేంద్రానికి పోసే ఇద్దరి దగ్గర కొన్నాను. పచ్చిపాలు కాయ మీద పడితే మంచిది కాదని కాచి, చల్లార్చి, మీగడ తీసేశాను. మీగడ ఉంటే నాజిల్ మూసుకుపోతుంది, ఆకు మీద కంపు కూడా ఎక్కువ. పలుచటి గుడ్డతో రెండుసార్లు వడగట్టి, ఒక వంతు పాలకు తొమ్మిది వంతులు నీళ్లు. చిక్కగా కలిపితే ఇంకా బాగా పనిచేస్తుందేమో అన్నది మా ఆయన ఆలోచన. మరీ చిక్కనైతే ఆకు మీద వేరే నల్లబూజు లేస్తుందని మేనల్లుడు ఆపాడు.

ఆకులు తీయడం పూర్తయిన మార్చి 2నే, ఎండ పడ్డాక ఎనిమిదిన్నరకు బ్యాటరీ పంపుతో మొదటి విడత కొట్టాం. ఆకు పైనా అడుగునా తడవాలి, కాయను వీలైనంత తప్పించాలి. నాజిల్‌ను కింది నుంచి పైకి తిప్పి పట్టుకుని నడవడం భుజాలు పడిపోయే పని. మా ఆయన, నేను, మేనల్లుడు మారి మారి చేశాం. 4న సాయంత్రం ఐదింటికి, ఎండ దిగాక, బాసిల్లస్. 6న పాలు, 8న బాసిల్లస్, 10న ఆఖరి పాలు. రెండూ ఎప్పుడూ కలపలేదు. 10 తర్వాత ఏమీ కొట్టలేదు.

తూర్పు మూలలో అర సాలు మాత్రం ఏమీ కొట్టకుండా వదలమన్నాడు మేనల్లుడు. "లేకపోతే పాల వల్ల తగ్గిందో, ఎండ ముదిరి తగ్గిందో ఎలా తెలుస్తుంది అత్తా?" నాకు ఆ అర సాలు కాయలు వదలడం బాధగా అనిపించింది. అయినా వదిలాను. 20 ఆకుల తొడిమలకు ఎర్ర దారం కట్టి, వాటి మీద ఎన్ని మచ్చలున్నాయో పిల్లల పాత నోటు పుస్తకంలో రోజూ రాశాను.

మూడు రోజుల దాకా ఏమీ తేడా లేదు. నాలుగో తేదీ రాత్రి నిద్ర పట్టలేదు. గింజలు, షీటు, ఎరువులు, కూలీ అన్నీ కలిపి అప్పటికి లక్షా పదివేలు దాటింది, అందులో సగం అప్పు. ఆ డబ్బా తెచ్చుకుని ఉంటే అన్న ఆలోచన ఆ రాత్రి చాలాసార్లు వచ్చింది. ఐదో తేదీ పొద్దున దారం కట్టిన ఆకుల్లో పాత మచ్చలు తెలుపు పోయి బూడిదరంగుకు, గోధుమరంగుకు తిరుగుతున్నాయి. ముట్టుకుంటే వేలికి పిండి అంటలేదు. ఎనిమిదో తేదీకి 20 ఆకుల్లో 13 ఆకుల మీద కొత్త మచ్చ ఒక్కటీ రాలేదు. నాలుగింటిలో ఒకటి రెండు వచ్చాయి. మూడు ఆకులు ఎండిపోయాయి. ఏమీ కొట్టని అర సాలులో పదో తేదీకి పచ్చని ఆకు వెతుక్కోవాల్సి వచ్చింది.

బాగా పట్టిన ఆరు సాళ్లు మాత్రం మాకు దక్కలేదనే చెప్పాలి. పాలు కొట్టినా అక్కడ ఆలస్యమైపోయింది. ఆకు పలచబడి కాయలు ఎండకు బయటపడుతుంటే, వరిగడ్డి తెచ్చి ఒక్కొక్క కాయ మీద పలచగా కప్పాం. మిగతా తోటలో యూరియా పూర్తిగా ఆపి, డ్రిప్‌లో జీరో జీరో ఫిఫ్టీ అనే పొటాష్ ఎరువు ఇచ్చాం. కోత ముందు నీళ్లు తగ్గిస్తే తీపి పెరుగుతుందని అందరూ అంటారు, అది నిజమే. కానీ ఉన్న ఆకే తక్కువ, అది మధ్యాహ్నం వాలిపోతే ఏం లాభం? కొద్దికొద్దిగా తగ్గించాం, ఒక్కసారి కట్టేయలేదు.

ఈ మధ్యలో ఇంకో పరీక్ష. రంజాన్ నెల మార్చి 2న మొదలైంది. ఐదో తేదీ వ్యాపారి ఫోన్ చేశాడు. తెలుగు బాగా వచ్చిన తమిళాయన. "అమ్మా, మార్కెట్‌లో కాయ లేదు. ఎనిమిదిన కోసేయండి, కిలో 24 ఇస్తాను. వారం పోతే అందరి కాయా వస్తుంది, 18కి దిగుతుంది." తెగులున్న తోట, ముందే కోస్తే నష్టం లేదని ఇంట్లో అందరూ అన్నారు. నాకూ కాళ్లు లాగాయి. ఒక కాయ కోసి చూశాను. గుజ్జు రంగు వచ్చింది, తీపి లేదు. కోశాక రాదని తెలిసిపోయింది కదా. తెలియకముందు అయితే కోసేసేదాన్ని. "13 దాకా ఆగండి" అని చెప్పాను. ఆయన విసుక్కుని ఫోన్ పెట్టేశాడు.

13 తెల్లవారుజామున కోత. మా రకం పండు తయారైతే తొడిమ చుట్టూ సన్నటి పగులు వస్తుంది, బొటనవేలితో కొంచెం నెడితే తీగ నుంచి విడిపోతుంది. లాగితే గానీ రానిది ఇంకా కాలేదని అర్థం. మేనల్లుడు కాలేజీలో అడిగి, తీపి కొలిచే చిన్న పరికరం తెచ్చాడు. రసం ఒక చుక్క అద్దం మీద వేసి వెలుతురు వైపు పట్టి చూస్తే అంకె కనిపిస్తుంది. పడమటి శుభ్రమైన సాళ్లలో 12, 13. మచ్చలు వచ్చి పాలతో నిలబడిన మధ్య సాళ్లలో 10, 11. పది వస్తే పండు బాగున్నట్టే. ఆరు సాళ్లలో 8. ఏమీ కొట్టని అర సాలులో ఆరున్నర. ఆ అంకెలు చూసినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మధ్య సాళ్లే మా తోటలో సగం.

వ్యాపారి వచ్చాడు. ఆరు సాళ్ల కాయలు వేరే కుప్ప పోయించాను. బయటికి రెండు కుప్పలూ ఒకేలా ఉన్నాయి, కలిపేస్తే ఎవరికీ తెలియదు. కూలీల్లో ఒకరు ఆ మాటే అన్నారు. నేను వ్యాపారిని పిలిచి రెండింట్లోనూ ఒక్కో కాయ కోసి ముక్క చేతికిచ్చాను. "ఇది తీపి లేదు. బూడిద తెగులు పట్టిన సాళ్లు. జ్యూసుకు పోతే పోనీండి, పండుగా అమ్మొద్దు." ఆయన ముక్క నమిలి, రెండో కుప్పకు కిలో 8 రూపాయలు కట్టాడు. మంచి కుప్పకు 19. ఏం మందు కొట్టారని అడిగితే పాలు అని చెప్పాను. నమ్మలేదు. నోటు పుస్తకం చూపించాను.

మూడు కోతలు కలిపి 15 టన్నులు వస్తాయనుకున్నది పదకొండున్నర వచ్చింది. అందులో రెండు టన్నులు 8 రూపాయల కాయ. అప్పు తీరింది, పెట్టుబడి వచ్చింది, కొంత మిగిలింది. తెగులు లేకపోతే ఇంకా బాగానే మిగిలేది. పాలకు, బాసిల్లస్‌కు, ఆకు తీసిన కూలీకి కలిపి తొమ్మిది వేల లోపే ఖర్చయింది.

పాలు అన్నిచోట్లా ఇలాగే పనిచేస్తాయని నేను అనను. రూపాయి బిళ్లంత మచ్చలున్నప్పుడు పనిచేశాయి, ఆకంతా తెల్లబడ్డ చోట చేయలేదు. నేను శ్రీకాళహస్తికి పోయిన ఆ మూడు రోజులు ఎవరైనా అడుగు ఆకు తిప్పి చూసి ఉంటే ఆ ఆరు సాళ్లు కూడా మధ్య సాళ్లలాగే నిలబడేవి. ఈసారి గింజలు కొనేటప్పుడు బూడిద తెగులును తట్టుకునే రకం కావాలని ముందే అడుగుతాను. అలాంటివి ఉన్నాయి, ధర కొంచెం ఎక్కువ. చెట్ల మధ్య అడుగున్నర వదులుతాను. నలభయ్యో రోజు నుంచి రెండు రోజులకొకసారి తీగ మొదట్లో ఆకు తిప్పి చూడడం మామ తన పని అని చెప్పేశాడు.

ఉగాది ముందు రోజు, మార్చి 29న, ఆఖరి కోత అయిపోయింది. ఆ సాయంత్రమే నీళ్లు చల్లి తీగలన్నీ పీకించాం. ఒక్క రోజు కూడా ఉంచలేదు. గట్టు అవతల పిన్నమ్మ కొత్తగా సొర పెట్టింది, రెండాకుల మీద ఉంది. నేలలో పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి, డ్రిప్ పైపులు చుట్టి పెట్టాం.